అడక్కుండా పెట్టిన వంజరం

జవాబు చెప్పడానికి సూర్యకళ నోరు తెరిచిందో లేదో, బల్ల మీద ఫోను మోగింది. ముంబై నుంచి వచ్చిన మేడమ్ ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలెత్తి చూపించింది. పక్కనున్న మేనేజరు తాతబాబు గారు రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పెన్ను కోసం జేబులు తడుముకున్నారు. తెరిచిన నోరు మూసుకుంది సూర్యకళ. బతికానురా దేవుడా అనుకుంది. మేడమ్ అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. మీకంటే వేరైన మనుషులతో, అంటే వేరే ఊరు, వేరే భాష, వేరే మతం, వేరే అలవాట్లు ఉన్నవాళ్ళతో కలిసి పనిచేసిన సందర్భం ఒకటి చెప్పండి, దాని నుంచి ఏం నేర్చుకున్నారో కూడా చెప్పండి. మేడమ్ అడిగింది ఇంగ్లీషులో, సూర్యకళకి అర్థమైంది తెలుగులో, జవాబు మాత్రం ఎవరి భాషలోనో తయారై గొంతులో కూర్చుంది. ఇండియా ఈజ్ ఎ ల్యాండ్ ఆఫ్ యూనిటీ ఇన్ డైవర్సిటీ. డాబాగార్డెన్స్‌లో కోచింగ్ మాస్టారు కొండలరావు గారు ఇలాంటి జవాబులు నలభై రాయించారు, ఒక్కొక్కటీ పదిసార్లు అప్పజెప్పించుకున్నారు. అడిగిందానికి అచ్చంగా సరిపోకపోయినా పర్వాలేదమ్మా, ఆగకుండా చెప్పడం ముఖ్యం అనేవారు. ఆగకుండా చెప్పే మూడు ఇంటర్వ్యూలు పోగొట్టుకుంది. ఒకచోటైతే ఆగకుండా చెబుతూ చెబుతూ మధ్యలో నోరు జారి, నేను అనడానికి బదులు ఇంటి యాసలో "నాను" అనేసింది, బల్ల అవతల ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళేమీ అనలేదు. అనకుండా నవ్వడం ఎంత బాగా వచ్చో చదువుకున్నవాళ్ళకి!

"ఏటి బావా, బెర్తు ఇంకా కాళీ అవనేదా?" తాతబాబు గారి గొంతు ఒక్కసారి లేచింది. "మద్దినానికల్లా ఓడ లోపలికి తెచ్చీత్తామని కెప్టెనుకి నాను మాటిచ్చీసినాను కదా! ఇప్పుడా ఫిలిప్పీన్సోడికి నానేటి సెప్పాల?" సూర్యకళ ఉలిక్కిపడింది. ఇందాకటి నుంచీ పేపర్లో అచ్చేసిన తెలుగులా, రేడియో వార్తల్లా మాట్లాడిన మనిషి ఈయనేనా? లోపల ఎక్కడో ముడి ఒకటి కొంచెం వదులైంది. కిటికీలోంచి వన్ టౌన్ సందు కనిపిస్తోంది, హోల్‌సేలు కొట్ల ముందు బస్తాలు దించుతున్నారు, వాటి మధ్య ఇరుక్కున్న ఆటోవాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. ఆ ఇళ్ళ పైన, ఆకాశంలో, హార్బరు క్రేను మెడ ఒకటి నెమ్మదిగా తిరుగుతోంది. గది బయట బెంచీ మీద అయిదుగురు కుర్రాళ్ళున్నారు. అయిదుగురూ ఒకే రకంగా ఇన్‌షర్టు చేసుకున్నారు. ఇందాక ఆమె వెళ్ళి కూర్చోగానే అందరూ ఒక్కసారే కొంచెం జరిగారు, చోటివ్వడానికో, దూరం ఉండడానికో తెలియలేదు. ఉద్యోగం ఓడల ఏజెన్సీలో బోర్డింగ్ క్లర్కు. ఓడ రాగానే ఎక్కాలి, కెప్టెను దగ్గర కాగితాలు తీసుకోవాలి, లోపలున్న మనుషుల పేర్లు సరిచూడాలి, వాళ్ళకేం కావాలో కనుక్కోవాలి. పేపర్లో ప్రకటన చూసి ఆమె తండ్రి గురువులుకి చదివి వినిపిస్తే, ఆయన వల బాగుచేస్తున్న చేతులు ఆపేశాడు. "ఓడని కిందనుండి సూసినాం గానీ, పైన ఏటుంతాదో మన వంశంలో ఎవులూ సూడనేదే" అన్నాడు. అంతే, అప్పట్నుంచి ఆమెకి ఓడ తప్ప ఇంకోటి తలలోకి రావడం లేదు. ఇది రాకపోతే? రాకపోతే షెడ్డు ఉండనే ఉంది. సముద్రం మీద చేపల వేట నిషేధం అయిపోవచ్చింది, సోమవారం నుంచి రొయ్యల షెడ్డు తెరుస్తారు. వస్తావో రావో ఇవాళ సాయంత్రంలోగా తేల్చి చెప్పమన్నాడు సూపర్వైజరు, రానంటే ఆ చోటుకి ఇంకొకరున్నారన్నాడు. ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు పగిలిన చేతుల్ని సూర్యకళ బల్ల కిందికి దించుకుంది, ఒళ్ళో పెట్టుకుని ఒకదాని మీద ఒకటి మూసుకుంది. డిగ్రీ కాగితం ఫైల్లో ఉంది, రెండేళ్ళ షెడ్డు చేతుల మీద ఉంది. ఏది ముందు కనిపిస్తే దాన్ని బట్టి ఉంటుంది బతుకు అనుకుంది.

వేరైన మనుషులు. వేరంటే ఎవరికి వేరు? షెడ్డులో ఒక్కో స్టీలు బల్ల చుట్టూ ఎనిమిదిమంది నిలబడి రొయ్యలు ఒలుస్తారు. సూర్యకళ బల్ల దగ్గర ఆమెతో కలిపి సముద్రపు ఒడ్డు పల్లె పిల్లలు నలుగురు, కేరళ నుంచి వచ్చిన అక్కలు ఇద్దరు, పద్మనాభం నుంచి పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చే కాపుల పిల్లలు ఇద్దరు. తలకి తెల్ల గుడ్డ, మూతికి తెల్ల గుడ్డ, అందరూ ఒకలాగే కనిపించేవారు, కళ్ళను బట్టి గుర్తుపట్టాలి. కేరళ అక్కలు ఆదివారం పొద్దున్న పని ఉందంటే మూతి గుడ్డ వెనక ఏదో గొణిగేవారు, ఏమిటో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా. కాపుల పిల్లల్లో ఒకతె నీలిమ. వచ్చిన మొదటి రోజు రొయ్య ముల్లు గుచ్చుకుని వేలు పట్టుకుని గెంతితే సూర్యకళ పడీపడీ నవ్వింది, నవ్వుతూనే ఆ వేలికి గుడ్డ చుట్టింది. "నవ్వు, నవ్వు. మా పొలానికొచ్చి ఊడుపులకి దిగు, జెలగ పట్టుకున్నాక నాను నవ్వుతాను" అంది నీలిమ. ఆ మాటతో కలిసిపోయారు ఇద్దరూ. నీలిమ టిఫిను డబ్బాలోని గోంగూర ఈమె తినేది, ఈమె డబ్బాలోని చేపల పులుసు నీలిమ గిన్నె నాకినట్టు తినేది. ఇది చెబితే సరిపోదూ మేడమ్‌కి? నేనూ నీలిమా కలిసి తిన్నాం, దేశం బాగుపడింది, థాంక్యూ. కాని ఏం నేర్చుకున్నావని కదా అడిగింది ఆవిడ. కలిసి తింటే ఏం నేర్చుకుంటాం, వంట తప్ప!

నేర్చుకున్నది వేరే ఉంది. ఆ మాట వచ్చేసరికి సూర్యకళకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఒడ్డున ఒక పద్ధతుంది. పడవ వచ్చి ఇసక తాకగానే, తాడు మీద చెయ్యేసినవాడికి, ఊరికే నిలబడి చూసినవాడికి, దారినపోయే ముసలమ్మకి, అందరికీ కూరకి చేపలు పెడతారు. పెట్టడమంటే చేతిలో పెట్టడం కాదు, గిన్నెలోనో సంచిలోనో కొంగులోనో పడేసి వెళ్ళిపోతారు. కావాలా అని అడగరు. అడిగితే అవమానం. అడగందే అమ్మైనా పెట్టదని లోకమంతా అనే సామెత వింటే నాయనమ్మ అప్పాయమ్మకి ఒళ్ళు మండేది. "అది గడపలోపలోల సామెతే గుంటా. అడిగి పెట్టడమంటే పెట్టకపోడమే. కావాలా అని అడిగితే మానమున్నోడు ఎవుడైనా ఒద్దనే అంతాడు. పెట్టాలనుంటే పెట్టీసి తల తిప్పుకోవాల" అనేది. ఆ ఇంట్లో పుట్టి, ఆ పులుసు తిని పెరిగింది సూర్యకళ. ఇష్టమైన మనిషిని నీకు ఇది కావాలా అని అడగడం ఆమెకి చేతకాదు. అడిగితే పరాయివాళ్ళని చేసినట్టే అనిపించేది.

అది నవంబరు. నాన్న వలకి వంజరాలు పడ్డాయి, ఏడాదికోసారి పడే పెద్దవి. అమ్మ చిట్టమ్మ బుట్టకెత్తకముందే మూరెడు పొడవున్నది ఒకటి తీసి పక్కన పెట్టింది సూర్యకళ. షెడ్డులో అడిగి ఐసు ముక్కలు తెచ్చి, పేపర్లో చుట్టి, పైన పాలిథీను చుట్టి, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఎవరూ చూడకుండా వాచ్‌మన్ గదిలోకి దూరింది. నీలిమ ఆ రోజు సంచిని రోజూ పెట్టే చోట పెట్టకుండా ఇక్కడెక్కడో మేకుకి తగిలించింది, పిచ్చిది, మర్చిపోయినట్టుంది అనుకుంది. సంచిలో టిఫిను డబ్బా, దాని కింద కాగితంలో చుట్టిన బట్టలేవో ఉన్నాయి. డబ్బా తీసి, బట్టల మీద చేపని పడుకోబెట్టి, మళ్ళీ డబ్బా పెట్టింది. నీలిమ ఇంటికెళ్ళి సంచి తీస్తే ఎలా ఉంటుంది! కేక పెడుతుంది, వాళ్ళమ్మని పిలుస్తుంది, పొయ్యి మీద మూకుడు పెడతారు. సాయంత్రం దాకా ఆ ఆనందంతో ఒళ్ళు తెలియలేదు ఆమెకి. రొయ్యలు ఒలుస్తూ ఒలుస్తూ తనలో తను నవ్వుకుంటుంటే కేరళ అక్క ఒకామె మోచేత్తో పొడిచింది కూడా.

నీలిమ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చింది, వచ్చి ఈ బల్ల వైపు చూడకుండా చివరి బల్లకి వెళ్ళి నిలబడింది. సూర్యకళ పిలిస్తే పలకలేదు. ఓహో అనుకుంది సూర్యకళ. ఆ ఓహోలో ఎంత ఉంది! అప్పాయమ్మ నెత్తి మీద ఎండు చేపల గంప ఉంది, పద్మనాభం వీధులున్నాయి, గంప అరుగు మీద పెట్టకే ముసలీ, కింద పెట్టు, అవతల పెట్టు అన్న గొంతులున్నాయి. ఎత్తినుంచి పోస్తే దోసిట్లో పట్టుకుని తాగిన నీళ్ళున్నాయి. నాయనమ్మ అదంతా నవ్వుతూ చెప్పేది, చిన్నప్పుడు ఈమె కూడా నవ్వుతూ వినేది. ఇప్పుడు నవ్వు రాలేదు. నా డబ్బాలో పులుసు తినడానికి పనికొచ్చింది గాని, నా చేప మీ గడప తొక్కడానికి పనికిరాలేదన్నమాట! ఆ రోజు నుంచి ఒడ్డు పిల్లలందరితో నూరిపోసింది. చివరి బల్ల వాళ్ళ మగ్గు వీళ్ళు ముట్టుకోరు, వీళ్ళ ఐసు డబ్బా వాళ్ళకివ్వరు. చేతులు రొయ్యల మీద, చూపులు ఒకళ్ళ మీద ఒకళ్ళు. పని సగమైంది. కేరళ అక్కలిద్దరూ మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసేవారు. సూపర్వైజరు తిట్టాడు, రెండు బల్లలూ కలిపి తిట్టాడు. పది రోజులు అలా నడిచింది. ఆ పది రోజులూ రాత్రీ పగలూ ఆమె ఒక్కటే అనుకుంది, తప్పంతా వాళ్ళదేనని. అంత గట్టిగా అనుకోవలసి వచ్చిందంటేనే అనుమానం రావాలి, రాలేదు.

"నేదు బావా, సాయంత్రమంటే కుదరదు. నువ్వే ఏదోటి సెయ్యి" అంటున్నారు తాతబాబు గారు. మేడమ్ గడియారం చూసుకుంది. సూర్యకళకి ఆ గది కనపడడం లేదు, షెడ్డు వెనక కుళాయి కనిపిస్తోంది. పదకొండో రోజు, పని దిగాక చేతులు కడుక్కుంటుంటే పక్కన వచ్చి నిలబడింది నీలిమ. "ఏటే, మాటాడవా?" అంది. "మీరు పెద్దోలు. సేపల కంపోలతో మీకేటి మాటలు?" అంది సూర్యకళ, అనాలని పది రోజులుగా దాచుకున్న మాట. నీలిమ చేతిలో సబ్బు జారి నీళ్ళలో పడింది. "కంపేటే? నాను రోజూ నీ పక్కనే నిలబడనేదా? నీ డబ్బాలో పులుసు తిననేదా?" అంటూనే ఏడ్చేసింది. "మా అయ్య మాలేసుకున్నాడే. అయ్యప్ప మాల. ఆ పొద్దున్న పూర్ణా మార్కెట్టులో ఆయన పూజకని నల్ల పంచి, కర్పూరం కొన్నాను. బస్సులో ఐసంతా కరిగిపోనాది. సంచి ఆయనే ఇప్పినాడు. నల్ల పంచిలోనుండి సేప నీళ్ళు కారతన్నాయి, స్వామి అలా సూత్తా కూకున్నాడు. ఇల్లంతా కడిగినాం. మూడు రోజులు మా అమ్మ నాతో మాటాడనేదు." సూర్యకళ వంగి నీళ్ళలో పడిన సబ్బు తీసింది. "మరి నువ్వు సెప్పొచ్చు కదా" అంది. "ఎలా సెప్పీది? మాల ఉన్నన్నాళ్ళు పెరట్లోనుండి ఎల్లి నెత్తి మీద నీళ్ళు పోసుకుంతేగాని ఇంట్లోకెల్లనని నీకు సెప్పాల! సంచి వాచ్‌మన్ గదిలో అందుకే ఎట్టుకున్నానని సెప్పాల! నువ్వేటనుకుంతావో అని నోరు మూసుకున్నాను." ముక్కు చీదుకుంది నీలిమ. "నన్నొక్క మాట అడిగుంటే సరిపోను కదే."

అంతే. ఒక్క మాట. ఆ ఒక్క మాట అడగకపోవడమే ప్రేమ అని నేర్పిన ఇల్లు తనది, ఆ ఒక్క మాట చెప్పకపోవడమే మర్యాద అని నేర్పిన ఇల్లు దానిది. ఇద్దరూ మంచికే పోయారు, మంచికి పోయి పది రోజులు శత్రువులయ్యారు. గంప కింద పెట్టమన్న వీధులు అబద్ధం కావు, కాని నీలిమ కన్నీళ్ళు కూడా అబద్ధం కావు. రెండింటినీ కలిపి ఒకే సంచిలో వేసింది తనే. ఆ మర్నాడు సూర్యకళ సిగ్గు విడిచి బల్ల దగ్గర అందరినీ అడగడం మొదలుపెట్టింది. ఎవరేం తినరు, ఎవరికే రోజు పట్టింపు, ఎవరికేది కష్టం. మొదట్లో నవ్వారు. దీనికేటైందే, జనాభా లెక్కలకొచ్చినట్టున్నాదీ అన్నారు. తర్వాత చెప్పారు. కేరళ అక్కలు గొణిగేది ఆదివారం చర్చికి వెళ్ళాలనట, రెండేళ్ళ నుంచి ఎవరూ అడగలేదట, చెబితే పనిలోంచి తీసేస్తారని భయమట. ఆదివారాలు ఒడ్డు పిల్లలు వాళ్ళకి బదులు నిలబడ్డారు, వీళ్ళు ఉపవాసముండే సోమవారాలు వాళ్ళు వీళ్ళకి నిలబడ్డారు. బల్ల మళ్ళీ నడిచింది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు నీలిమ వచ్చి ఖాళీ సంచి బల్ల మీద పడేసింది. "అయ్య కొండకెళ్ళొచ్చీసినాడు. మాల తీసీసినాడు" అంది. "అయితే?" "అయితే ఏటి, అడుగు." సూర్యకళకి నాయనమ్మ ఎక్కడో వింటున్నట్టే ఉంది. చివరికి "వంజరం కావాలా?" అని అడిగింది. "కావాల. పెద్దది" అంది నీలిమ. జీవితంలో మొదటిసారి అడిగి పెట్టింది. అది కూడా కడుపు నింపింది.

తాతబాబు గారు ఫోను పెట్టేసి నుదురు తుడుచుకున్నారు. మేడమ్ "యెస్?" అంది. ఇండియా ఈజ్ ఎ ల్యాండ్, అని గొంతులోని జవాబు లేచి నిలబడింది. సూర్యకళ దాన్ని మింగేసింది. "మేడమ్, కెన్ ఐ టెల్ ఇన్ తెలుగు?" అంది. మేడమ్ తాతబాబు గారి వైపు చూసింది. "చెప్పమ్మా, నేను మేడమ్‌కి చెబుతాను" అన్నారాయన. చెప్పింది. షెడ్డు, బల్ల, వంజరం, నల్ల పంచె, పది రోజుల పగ, కుళాయి. మధ్యలో రెండుసార్లు నాను అని వచ్చింది, రానిచ్చింది. తాతబాబు గారు చెబుతూ చెబుతూ సంచి దగ్గర ఆగిపోయి, "అయ్యబాబోయ్! మా నాయన కూడా మాలేసుకునేవాడమ్మా. మా ఇంట్లో అయితే ఊరు దాటించేసేవాళ్ళు" అని తెలుగులో ఆమెతో నవ్వి, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళారు. మేడమ్ పెన్ను కదలడం ఆగిపోయింది. తప్పు చేసింది నేనే మేడమ్, అడగలేదు, అని ముగించి సూర్యకళ చేతులు బల్ల మీద పెట్టుకుంది.

మేడమ్ మొహమంతా నవ్వింది. ఫైలు మూసింది. నీలాంటి అమ్మాయే మాకు కావాలి, అంది. తాతబాబు గారు తెలుగులో చెప్పక్కర్లేకుండానే అర్థమైంది సూర్యకళకి, గుండె ఎగిరిపడింది. అయితే ఓడల పని వద్దులే, ఎండ, తాళ్ళ నిచ్చెనలు, వేళాపాళా ఉండదు, ఇంతవరకూ ఇక్కడ ఆ పనికి అమ్మాయిలని తీసుకోలేదు, నీకు మేడ మీద డాక్యుమెంట్ల సెక్షన్‌లో సీటు ఇప్పిస్తాను, ఏసీ గది, క్షేమంగా ఉంటావు, అంది. థాంక్యూ అన్న మాట నాలుక చివరికి వచ్చేసింది. ఉద్యోగం వచ్చింది! షెడ్డు పోయింది, ఐసు నీళ్ళు పోయాయి. ఉద్యోగమిచ్చాక థాంక్యూ చెప్పి లేచిపోవాలి, ఇంకొక్క ముక్క మాట్లాడినా కొంప ముంచుకుంటారు అని కొండలరావు గారు లక్షసార్లు చెప్పారు. లేవబోయింది. లేస్తూ మేడమ్ మొహం చూసింది. ఆ మొహంలో ఎంత సంతోషం! మంచి చేశానన్న సంతోషం, ఎదుటివాళ్ళు కేక పెట్టి మురిసిపోతారన్న సంతోషం. అందుకే కోపం రాలేదు. భయం మాత్రం వచ్చింది. మళ్ళీ కూర్చుంది.

"మేడమ్," అంది ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "థాంక్యూ. బట్... యూ డిడ్ నాట్ ఆస్క్ మీ."

తాతబాబు గారు ఇద్దరిలో ఎవరినీ చూడలేక ఫోను తీగ సరిచేశారు. పోయింది, చేతులారా పోగొట్టుకున్నాను, సాయంత్రం సూపర్వైజరు కాళ్ళు పట్టుకోవాలి అనుకుంది సూర్యకళ. అనుకుని కూడా తల దించలేదు. మేడమ్ నవ్వు నెమ్మదిగా పోయింది, బుగ్గలు కొంచెం ఎర్రబడ్డాయి. బల్ల మీదున్న ఆ పగిలిన వేళ్ళ వైపు చూసింది. తర్వాత మూసిన ఫైలు మళ్ళీ తెరిచి, పెన్ను మూత తీసింది.

"నిజమే, అడగలేదు" అంది ఇంగ్లీషులోనే. "ఇప్పుడు అడుగుతున్నాను. నీకే పని కావాలి?"

"ఓడెక్కే పని మేడమ్" అంది సూర్యకళ.